వేసవి వేట నిషేధంలో తెప్పలు కూడా ఆగాలా?

అక్కర్లేదు, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల నిషేధం మరబోట్లకు, మోటారు పడవలకే. తెడ్డుతో, తెరచాపతో నడిచే తెప్పలకు మినహాయింపు ఉంది. నిషేధం ఉండే ఆ రెండు నెలలు చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం. మరబోటు లాగే ట్రాల్ వల సముద్రం అడుగంతా ఊడ్చి తల్లి చేపల్నీ, వేలెడు పిల్లల్నీ కలిపి లాగేస్తుంది. ఒడ్డు దగ్గర వల వేసే తెప్పకు దొరికేదెంత?

‘చిన్న పడవైతే చాలు, వెళ్లొచ్చు’ అనుకోవడమే పొరపాటు. చూసేది సైజు కాదు, ఇంజను. ఉదాహరణకు, విశాఖలో వెనక మోటారు బిగించిన ఫైబర్ పడవ నలుగురు పట్టేదైనా ఒడ్డునే ఉండాలి. అలా ఆగిన అర్హులకు ఆంధ్రప్రదేశ్ ఇచ్చే భృతి 2025లో రూ.10 వేల నుంచి రూ.20 వేలకు పెరిగింది. చెరువు చేపలకు ఈ నిషేధంతో సంబంధమే లేదు.