మాలిమి గుర్రం

సందేహం: మా ఊళ్ళో ఒకాయన "సౌమ్యమైన, కుటుంబ స్నేహపూర్వక స్వారీ గుర్రం అమ్మబడును" అని బోర్డు పెట్టారు. ఇది సరైన తెలుగేనా? అది చూసి మా అబ్బాయి "ఎక్కినఁ బాఱని గుఱ్ఱము" అంటూ సుమతీ పద్యం అందుకున్నాడు. ఆ పద్యం దీనికి వర్తిస్తుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: ముందు పద్యం సంగతి. పిల్లలకు కంఠతా వచ్చిన పద్యమే, కానీ అందులో ఒక మాటను అందరూ దాటేస్తారు.

మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమునఁ దా
నెక్కినఁ బాఱని గుఱ్ఱము

ఆ మాట "మోహరమున". మోహరమంటే యుద్ధానికి తీరిన సేన, యుద్ధం. "మ్రొక్కిన"కు యతి కుదిరింది కదా అని దాన్ని పాదపూరణం కింద జమకట్టకండి. పద్యానికి ప్రాణం అక్కడే ఉంది. శత్రువు ఎదుట ఉండగా కదలని గుర్రాన్ని కవి వదిలేయమన్నాడు గాని, పెరట్లో పిల్లల్ని ఎక్కించుకుని నింపాదిగా నడిచేదాన్ని కాదు. ఇక "పాఱు" అంటే పరుగెత్తడం. చంపావతి నది పారుతోందన్నా, దొంగ పారిపోయాడన్నా ఇదే క్రియ. పాఱు, గుఱ్ఱము రెండింటా ఉన్న బండి ఱ నేటి అచ్చులో కనబడకుండా పోయింది. నాకది బాధే.

బోర్డు విషయానికొస్తే, "అమ్మబడును" ఏమిటండీ? అమ్మే మనిషి ఎదురుగా ఉన్నప్పుడు "అమ్ముతాను" అనడానికి అడ్డేమిటి? స్నేహపూర్వకంగా మాట్లాడవచ్చు, ఉత్తరం రాయవచ్చు. గుర్రాన్ని స్నేహపూర్వకం అనడం తెలుగు కాదు. ఇంగ్లీషు మాటను ముక్కకు ముక్క దించితే ఇలాగే ఉంటుంది.

మనకు "మాలిమి" అనే చక్కని మాట ఉంది. చేతిలో గుగ్గిళ్ళు పెడితే మెడ వంచి పెదవులతో అందుకునేది, జీను బిగిస్తుంటే బెదరనిది, పిల్లవాడు జూలు పట్టి లాగినా కాలు విసరనిది మాలిమి గుర్రం. మనిషి మీది ప్రేమ, అలవాటు, నమ్మకం మూడూ ఆ మాటలో ఉన్నాయి. "మచ్చిక" దానికి దగ్గరిదే. "సాధు" అన్నా తప్పనను. "సౌమ్యం" మనుషులకు ఎక్కువ నప్పుతుంది. "మెత్తని గుర్రం" మాత్రం వద్దు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నారు, కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు.

"మాలిమి గుర్రం. పిల్లలూ ఎక్కవచ్చు. అమ్ముతాను." అని రాయించమనండి. స్వారీ, సవారీ రెండూ వాడుకలో ఉన్నవే, ఏది రాసినా నాకు పేచీ లేదు.