పార్కులో పురుగుమందు కొట్టేముందు మాకు చెప్పొద్దా?

ప్రశ్న: మాది గుంటూరు. మా కాలనీ పార్కుకి పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తే ఒక్కోరోజు గుప్పున పురుగుమందు వాసన కొడతది. వాచ్‌మన్‌ని అడిగితే "రాత్రి మందు కొట్టారమ్మా" అంటాడు, అంతే. మా మనవడు చెప్పుల్లేకుండా ఆ గడ్డిలోనే ఆడతాడు. ఏం మందో, ఎప్పుడు కొడతారో ముందే తెలుసుకునే దారి ఉందా?

– ఓ పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. మిర్చి రైతెవరైనా మందు కొట్టిన చేలోకి వెంటనే పిల్లల్ని దిగనివ్వడు, అదే మందు పార్కులో కొడితే మాత్రం గేటు దగ్గర ఒక్క ముక్క రాసి పెట్టరు, ఇదేం పద్ధతో!

ముందు మందు డబ్బా చూపించమని అడగండి. మూల మీద నిలబెట్టిన చదరం గుర్తొకటి ఉంటది, దాని కింది సగం రంగు చూడండి. ఎరుపైతే అన్నిట్లోకి ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే మంచినీళ్ళని కాదులెండి, విషం తక్కువని. ఒకవేళ గడ్డి మందు గ్లైఫోసేట్ అంటే కొట్టేవాళ్ళెవరో కూడా అడగండి, ఎందుకంటే దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు, అంటే మందు కొట్టడానికి లైసెన్సున్నవాళ్ళు తప్ప వేరేవాళ్ళు వాడకూడదని 2022 అక్టోబర్‌లో కేంద్రం ఆర్డర్ ఇచ్చింది.

నోటితో అడిగితే తేలకపోతే మీ వార్డు సచివాలయంలో కాగితం మీద రాసివ్వండి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే మునిసిపల్ కార్పొరేషన్‌లో సమాచార హక్కు చట్టం, అదే 2005లో వచ్చింది కదా, దాని కింద 10 రూపాయలు కట్టి అప్లికేషన్ పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "పార్కులో ఏం చేస్తున్నారు" అని అడిగితే గోడకి చెప్పినట్టే. మందు పేరు, కొట్టిన తేదీలు, ఎంత కలిపారు, ఎవరు కొట్టారు, ఇలా విడివిడిగా అడగండి. వాకింగ్‌కొచ్చే నలుగురితో సంతకాలు పెట్టించి, ముందురోజే గేటుకి బోర్డు కట్టమని ఇంకో అర్జీ కూడా ఇవ్వండి, మందు పేరు, టైము, మళ్ళీ ఎప్పుడు లోపలికి రావచ్చో అందులో ఉంటే చాలు, సుద్దముక్కతో రాసినా సరే.

ఈలోగా గడ్డి తడిగా ఉన్నా, వాసనొచ్చినా ఆరోజుకి బాబుని దింపకండి. మామూలు రోజుల్లో కూడా చెప్పులేసి పంపండి, ఇంటికి రాగానే కాళ్ళూ చేతులూ సబ్బుతో కడగండి. పార్కులో కరివేపాకు, వేపచిగురు కోసుకొచ్చే అలవాటుంటే మానేయండి. వాచ్‌మన్ మీద మాత్రం అరవకండి, రాత్రంతా ఆ వాసన పీల్చింది ఆయనే పాపం.