సాయం చేస్తున్నా తృప్తి లేదు, ఎందుకని?

ప్రశ్న: నా వయసు 54. పిల్లలు ఉద్యోగాలకి వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయింది. చుట్టుపక్కల పెద్దవాళ్లకి, చదువుకునే పిల్లలకి చేతనైన సాయం చేద్దామని ఏడాది క్రితం మొదలుపెట్టాను. మొదట్లో హుషారుగానే ఉండేది. ఇప్పుడు ఫోన్ మోగితే చాలు, ఎవరు ఏం పని చెప్తారోనని దిగులు. చేసినదాన్ని గుర్తించేవాళ్లూ లేరు. ‘ఊరి చాకిరీ నీకెందుకు’ అని మావారు విసుక్కుంటున్నారు. నలుగురికీ సాయపడితే మనసుకి తృప్తి అంటారు కదా, నాకెందుకు లేదు? అసలు తృప్తి ఆశించడమే నా తప్పా?

జవాబు: తప్పు కానే కాదు. సాయం చేసినవాళ్లకి సంతోషం కలగడం స్వార్థం అనుకోకండి. ఆ సంతోషం ఉంటేనే ఏ సేవైనా పదికాలాలు సాగుతుంది. మీలో లోపమేమీ లేదు. మీ సాయం ఇష్టంగా మొదలై మొహమాటంలోకి జారింది, అంతే. నెట్టా వైన్‌స్టీన్, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2010లో సరిగ్గా ఈ విషయం మీదే పరిశోధన ప్రచురించారు. తమకు తాముగా పూనుకుని సాయం చేసినప్పుడు చేసినవాళ్ల మనసు తేలికపడింది. తప్పదని చేసినప్పుడు ఆ ఫలితం రాలేదు. ఇంకో విషయం కూడా తేలింది. ఇష్టంగా చేసిన సాయమే పుచ్చుకున్నవాళ్లకీ ఎక్కువ మేలు చేసింది. అంటే మీరు పళ్లబిగువున చేసే పని అవతలివాళ్లకీ అంతగా ఒంటబట్టదు.

ముందు ఒక నోటుబుక్ తీసుకుని, గడిచిన రెండు వారాల్లో చేసిన పనులన్నీ రాయండి. ఎవరు అడిగారు, ఎంతసేపు పట్టింది, బయల్దేరేటప్పుడు ‘వెళ్దాం’ అనిపించిందా, ‘కాదనలేక వెళ్తున్నా’ అనిపించిందా? ఈ మూడూ పక్కనే రాస్తే మీ దిగులంతా ఏ పనుల దగ్గర పోగుపడిందో తెలిసిపోతుంది. ‘వెళ్దాం’ అనిపించినవాటిలో రెండే ఉంచుకోండి. మిగతావి చెప్పాపెట్టకుండా మానేయకండి. మీ మీద ఆధారపడ్డ పెద్దవాళ్లు ఉంటే వాళ్లకీ, వాళ్ల పిల్లలకీ రెండు వారాల ముందే చెప్పి, వేరే ఏర్పాటు చేసుకోనివ్వండి.

వారానికి రెండు గంటలు చాలు. 50 దాటిన అమెరికన్ల మీద 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ఏడాదికి 100 గంటలైనా స్వచ్ఛంద సేవ చేసేవాళ్లలో ఒంటరితనం, నిరాశ తక్కువగా, జీవితానికో అర్థం ఉందన్న భావన ఎక్కువగా కనిపించాయి. వారాలకు పంచితే అది రెండు గంటలే. బీపీ, షుగర్ లాంటి జబ్బుల విషయంలో మాత్రం తేడా కనిపించలేదు. కాబట్టి సేవని మందుబిళ్లలా చూడకండి. రోజుకో అరగంట ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి పరిగెత్తే కన్నా, ఒకే రోజు, ఒకే వేళ పెట్టుకుంటే మేలు. ఎవరైనా అడగ్గానే సరే అనకండి. ‘చూసుకుని సాయంత్రం చెప్తానండీ’ అనండి. కుదరకపోతే ‘ఈ వారం వీలుపడదు, బుధవారం నాలుగింటికైతే వస్తాను’ అని చెప్పండి. కారణాలు వివరించబోతే వాటికి అవతలివాళ్లు పరిష్కారాలు చెప్తారు, మళ్లీ ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఇక గుర్తింపు సంగతి. చేసిన పని ఫలితం కళ్లబడకపోతే ఎంత చేసినా మనసు నిండదు. ఐదుగురు పిల్లలకి తలా ఒక పూట లెక్కలు చెప్పే బదులు, ఒక్క పిల్లనో పిల్లాడినో మూడు నెలలు పట్టుకోండి. తీసివేతలో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం రావట్లేదనుకోండి. పెన్సిల్ పిల్లల చేతిలోనే ఉంచండి. మనం గబగబా చేసి చూపిస్తే వాళ్లు మన చెయ్యి చూస్తారు కానీ లెక్క చూడరు. ‘ఇప్పుడేం చేస్తావ్?’ అని అడిగి, ఆగండి. ఆ ఆగడమే కష్టం. మొదటి రోజు చేసిన కాగితం మీద తేదీ వేసి దాచి, నెల తర్వాత ఇద్దరూ కలిసి చూడండి. తప్పుల మీద తప్పులున్న ఆ కాగితం చూసి ‘ఇది నేనే చేశానా?’ అని పిల్లలు నవ్వుతారు. ఎవరూ థాంక్స్ చెప్పకపోయినా మీకు అందే ప్రతిఫలం అదే.

పెద్దవాళ్లు గుర్తించట్లేదని బాధపడుతున్నారు కానీ, చాలామందికి సాయం పుచ్చుకోవడమే చిన్నతనంగా ఉంటుంది. నోటితో చెప్తే ఆ చిన్నతనం ఒప్పుకున్నట్టవుతుందని ఊరుకుంటారు. వాళ్లనీ ఏదో ఒకటి ఇవ్వనివ్వండి. వాళ్లకి బాగా తెలిసిన విషయం ఏదైనా అడిగి నేర్చుకోండి. వెళ్లగానే ఇల్లు సర్దేయకుండా ‘ఇవాళ ఏం చేయమంటారు?’ అని అడగండి. ఒక్కోసారి కాసేపు కూర్చుని కబుర్లు చెప్తే చాలంటారు. వాళ్ల ఏటీఎం కార్డు, పిన్ మాత్రం మీ చేతికి తీసుకోకండి. ఎంత నమ్మకమున్నా, లెక్కల్లో చిన్న తేడా వస్తే ఏడాది స్నేహం పోతుంది.

మీవారికి మీ సేవ మీద కోపం ఉండకపోవచ్చు. ఏ వేళకి ఫోన్ వస్తుందో, మీరెప్పుడు లేచి వెళ్లిపోతారో తెలియకపోవడమే ఆయన విసుగు కావచ్చు. రోజు, వేళ ఖాయం చేశాక ఆయనకి చెప్పండి. ఆ వేళ దాటితే ఫోన్ పక్కన పెట్టేయండి.

ఒక్క విషయం విడిగా చూసుకోండి. పిల్లలు లేని వెలితిని పూర్తిగా సేవతోనే నింపాలని చూస్తే సేవ మీద మోయలేని బరువు పడుతుంది. మీ స్నేహితులకి, మీకిష్టమైన వ్యాపకాలకి కూడా వారంలో చోటివ్వండి. ఒకవేళ పనులు తగ్గించాక కూడా నిద్ర పట్టక, దేని మీదా ఆసక్తి లేక, దాదాపు రోజంతా దిగులుగా రెండు వారాలకు మించి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవండి. అలాంటిదేమీ లేకపోతే, రెండు నెలల తర్వాత ఆ నోటుబుక్ మళ్లీ తెరిచి, ఇప్పటి రెండు పనుల పక్కనా అదే ప్రశ్న రాసుకోండి. ‘కాదనలేక’ అన్న జవాబు మళ్లీ వస్తే ఆ పని మార్చండి, కొత్తది కలపకండి.