వారానికి ఒక్క క్లాసుతో కరాటే వస్తుందా?

ప్రశ్న: మాది మార్కాపురం దగ్గర పల్లెటూరు. ఆరో తరగతి చదివే మా పాప కరాటే నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఊళ్లో నేర్పేవాళ్లు లేరు, రోజూ టౌనుకు పంపలేం. ఫోన్లో వీడియోలు చూసి చేస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: రోజూ పంపక్కర్లేదండీ. వారానికి ఒకరోజు మాస్టారి కళ్లముందు, మిగతా రోజుల్లో ఇంటి దగ్గర ఇరవై నిమిషాలు చేస్తే మొదటి ఏడాదికి చాలు.

ముందు హైస్కూల్లో పీఈటీ సారును అడగండి. స్కూల్ గేమ్స్‌లో కరాటే ఉంది కాబట్టి, పోటీలకు పిల్లల్ని తెచ్చే మాస్టర్లు ఆయనకు తెలిసుండొచ్చు. దగ్గర్లోని కస్తూర్బా పాఠశాలలోనూ వాకబు చేయండి. సమగ్ర శిక్షా కింద ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి పేరుతో మూణ్నెల్ల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. అక్కడ నేర్పినవాళ్ల ఫోన్ నంబరు బడిలో దొరుకుతుంది. ఊళ్లో పదిమంది పిల్లలు పోగైతే మాస్టారినే ఆదివారం పొద్దున రమ్మని అడగొచ్చు. పెట్రోలు ఖర్చు తలా కొంత వేసుకోండి. హెడ్మాస్టరు ఒప్పుకుంటే బడి ఆవరణే చాలు. రాళ్లు ఏరి, నీళ్లు చల్లి చదును చేసిన మట్టినేల సిమెంటు గచ్చుకంటే మోకాళ్లకు మేలు.

కరాటేలో షోటోకాన్ శైలా, గోజు ర్యూ శైలా అని తర్జనభర్జన వద్దు. డబ్బు కట్టేముందు ఒక క్లాసు పూర్తిగా కూర్చుని చూడండి. ఒళ్లు వేడెక్కించకుండానే కిక్కులు మొదలుపెట్టినా, చిన్నపిల్లల చేత గ్లవ్స్ లేకుండా కొట్టించినా, ఏడాదిలో బ్లాక్ బెల్ట్ అన్నా వచ్చేయండి. బెల్టు పరీక్ష ఫీజు, సర్టిఫికెట్, డ్రెస్సు నెల ఫీజులో కలిశాయో లేదో ముందే తేల్చుకోండి. ఖర్చు పెరిగేది అక్కడే.

వీడియో వరస గుర్తుచేస్తుంది గానీ పాప ఎక్కడ తప్పు చేస్తోందో చెప్పదు. పిడికిలే చూడండి: నాలుగు వేళ్లూ బిగించి, బొటనవేలు బయటినుంచి చూపుడు, మధ్య వేళ్ల మీద పడాలి. లోపల పెట్టి గుద్దితే బొటనవేలే విరుగుతుంది. మణికట్టు వంగితే బెణుకుతుంది. ఇవి మాస్టారు సరిదిద్దాకే వీడియో పనికొస్తుంది.

షోటోకాన్‌లో సాధారణంగా మొదట్లో నేర్పే కటా (ఒక వరసలో చేసే కదలికల కూర్పు) హెయాన్ షోడాన్. 21 కదలికలు. పదిహేను అడుగుల జాగాలో చేయొచ్చు. నిలబడ్డచోట సుద్దముక్కతో గీత గీయమనండి. ఈ కటా మొదలైన చోటే ముగియాలి. గీతకు దూరంగా తేలితే అడుగులు సమానంగా పడట్లేదన్నమాట. అప్పుడు వేగం పెంచొద్దు, ఒక్కో అడుగు ఆగి ఆగి వేయించండి.

ప్రశ్న: డ్రెస్సు మొదటిరోజే కొనాలా?

జవాబు: అక్కర్లేదు. ఒకటి రెండు నెలలు ట్రాక్ ప్యాంటు, టీషర్టు చాలు. కొనేటప్పుడు ఒక సైజు పెద్దది తీసుకోండి. నూలు గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది, పిల్లేమో ఎదుగుతుంది. కాళ్లకు తట్టుకోకుండా అంచు లోపలికి మడిచి కుట్టించండి.