వృద్ధురాలిని కొడుకే కొడుతుంటే ఏ కార్యాలయానికి వెళ్ళాలి?

పొరుగింటి పెద్దావిడను కొడుకు కొడుతున్నాడని, పోలీసులు ఇంటి గొడవ అని పంపేశారని, ఇక ఎవరి దగ్గరికి వెళ్ళాలని అడిగారు. ఒక్క కార్యాలయంతో అయ్యే పని కాదని మా మేనత్త విషయంలో ఆరు నెలలు తిరిగాక నాకు అర్థమైంది.

మేనత్త ముంజేతి మీద కమిలిన మచ్చలను ముందుగా చూసింది బీపీ చూడటానికి వచ్చిన ఏఎన్‌ఎం. వేలిముద్ర పడగానే పింఛను డబ్బు ఆమె కొడుకు, అంటే మా బావ జేబులోకి పోతోందని సచివాలయ ఉద్యోగికి తెలుసు. స్టేషన్‌లో పాత ఫిర్యాదు ఒకటి పడి ఉంది. ముగ్గురికీ తలా కాస్త తెలుసు గాని, ఒకరికి తెలిసింది మరొకరికి చేరలేదు. (బంధువులమైన మాకు అంతా తెలుసు, అది వేరే సంగతి.)

ఆ మూడింటినీ ఒకే అర్జీలో తేదీలతో రాసి, తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 కింద ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు ఇచ్చి, నకళ్ళు స్టేషన్‌కూ జిల్లా వయోవృద్ధుల సంక్షేమ అధికారికీ పంపాము. ఎవరెవరికి పంపామో ప్రతి నకలులోనూ రాసి ఉండటం వల్ల, అది మా పని కాదని తోసేయడం ఎవరికీ కుదరలేదు. కొడుకు మీద సంతకం పెట్టనని అత్తయ్య మొండికేస్తే చాలా రోజులు ఆగిపోయాము. 5వ సెక్షన్ ప్రకారం ఆమె స్వయంగా పెట్టుకోలేని స్థితిలో ఉంటే, ఆమె అధికారమిచ్చిన వ్యక్తి గాని సంస్థ గాని అర్జీ పెట్టవచ్చు, ట్రిబ్యునల్ తనంతట తానే విచారణ చేపట్టనూ వచ్చు. దారి తెలియకపోతే వృద్ధుల సహాయవాణి అయిన 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయండి. ప్రాణభయం ఉంటే మాత్రం 112కే.

దెబ్బలు కనిపిస్తే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి, మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేసే గాయాల కేసుగా) నమోదు చేయమని అడగండి. ఆసుపత్రి నుంచే స్టేషన్‌కు సమాచారం వెళ్ళిన తరువాత, అది ఇంటి గొడవ అనే మాట మాకు మళ్ళీ వినపడలేదు.

ఇల్లు కొడుకు పేర రాసిచ్చి ఉంటే, ఆ దస్తావేజులో తల్లిని పోషించాలనే షరతు ఉందేమో చూడండి. అదే చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజు రద్దు కోరడానికి ఆ షరతు కీలకం.

ఆమెను కొడుకు ఎదుట మాత్రం ఏమీ అడగవద్దు. బావ గుమ్మంలో నిలబడి ఉండగా ఏఎన్‌ఎం అడిగితే, బావి దగ్గర జారిపడ్డానని అత్తయ్య చెప్పింది. ఆ ఇంట్లో బావి పూడ్చి పదేళ్ళయింది.