చిన్నా, బన్నుకి మనం వేసుకునే టాబ్లెట్ మాత్రం వేయకు

చిన్నా,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది, "వాడు మియాపూర్ మెట్రో కింద నుంచి కుంటే కుక్కని తెచ్చి ఫ్లాట్‌లో పెట్టుకున్నాడంట, నువ్వన్నా చెప్పొదినా" అని. మీ నాన్న కూడా అంతే, చిన్నప్పుడు వానకి తడిసిన పిల్లికూనని చొక్కాలో దాచుకుని తెచ్చేవాడు. నాకైతే సంతోషమే రా. కానీ ఆ కుక్కకి, అదే మీ బన్నుకి, కాలి నొప్పి ఎందుకో తెలియట్లేదన్న మాట విన్న దగ్గర్నుంచి మనసు మనసులో లేదు, అందుకే కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నా, చివరిదాకా చదువు.

ముందు నీ సంగతి. నొప్పిలో ఉన్న కుక్క ఎంత మంచిదైనా నోరు వేసుద్ది. కాలు పట్టుకుని వంచి చూడకు. పన్ను గీరినా సరే, కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళి ఇంజెక్షన్ వేయించుకో, గవర్నమెంట్ హాస్పిటల్లో ఊరికే వేస్తారు. చిన్న గీతే కదా అని ఆఫీసుకి వెళ్ళావని తెలిస్తే నేనే బస్సెక్కి వచ్చి నిన్ను లాక్కెళ్తా. దానికి కూడా రేబిస్ టీకా ఎప్పుడు వేయాలో డాక్టర్ని అడుగు.

తర్వాత, దాన్ని చూస్తూ ఉండు. నడిచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయి, ఎందుకంటే డాక్టర్ దగ్గరకెళ్తే భయానికి కుంటడం మానేస్తాయి కొన్ని. ముందు కాలు నొప్పయితే ఆ కాలు నేల మీద పెట్టినప్పుడు తల పైకెత్తుద్ది, బాగున్న కాలు పడినప్పుడు దించుద్ది, అది చూసి ఏ కాలో చెప్పొచ్చు. వేళ్ల మధ్య ముల్లు, గాజు పెంకు, విరిగిన గోరు ఉన్నాయేమో అది పడుకున్నప్పుడు లైటు వేసి చూడు. రోజూ ఏ కాలు కుంటుతుందో తేదీ వేసి రాసుకో. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కింద చదివితే తెలుసుద్ది.

నీకు మన కుక్క నల్లోడు గుర్తున్నాడా? నువ్వు సెలవులకి వచ్చినప్పుడు గేటు దగ్గర నీ చెప్పు ఎత్తుకుపోయేవాడు. 2011 ఎండాకాలంలో వాడు కుంటడం మొదలుపెట్టాడు. ఒకరోజు ముందు కుడి కాలు, రెండ్రోజులకి అది బాగై వెనక ఎడమ కాలు. గోడ దూకి బెణికించుకున్నాడులే అనుకున్నాం. కాలు మారుతుందంటే బెణుకు కాదని అప్పుడు నాకు తట్టలేదు. వాడు లేవడానికి పడే అవస్థ చూడలేక మీ మావయ్య మోకాళ్ల నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్ టాబ్లెట్ సగం చేసి ఇడ్లీ ముక్కలో పెట్టి ఇచ్చా. నా చేతిలోంచి ఎంత మెల్లిగా తీసుకున్నాడో ఇప్పటికీ నా అరచేతికి గుర్తే. మర్నాడు బాగా నడిచాడు. ఎదురింటావిడతో కూడా చెప్పుకున్నా, నా వైద్యం పనిచేసిందని. ఇంకో సగం వేశా, ఆ మర్నాడు ఇంకో సగం.

మూడో రోజుకి తారులాగా నల్లగా దొడ్డికి వెళ్ళాడు. ఏదో తిని ఉంటాడులే అనుకున్నా. నాలుగో రోజు తెల్లారి తలుపు తీస్తే అరుగు నాపరాయి మీద చుక్క చుక్కగా నెత్తురు, వాడి ముక్కులోంచి. ఆటోలో వేసుకుని డాక్టర్ దగ్గరకి పరిగెత్తాం. ఆయన చెవి మడత తిప్పి చూపించాడు, ఆముదం గింజల్లాగా ఉబ్బిన గోమార్లు, లెక్కలేనన్ని. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు కాగితంలా తెల్లగా ఉన్నాయి. "టాబ్లెట్ ఏమన్నా వేశారా అమ్మా" అని అడిగితే నేను లేదన్నా. సిగ్గేసి లేదన్నా చిన్నా. అరగంట తర్వాత ఏడుస్తూ నిజం చెప్పా. అప్పటికే ఆయన వేరే దారిలో వెతుకుతున్నాడు. నల్లోడు ఆ రాత్రి దాటలేదు.

తర్వాత ఆయనే కూర్చోబెట్టి చెప్పాడు. గోమార్లు కుడితే వచ్చే టిక్ ఫీవర్ అంట అది, కీళ్లు వాచి ఒళ్లంతా నొప్పులు, పైగా ప్లేట్‌లెట్లు పడిపోయి నెత్తురు గడ్డకట్టదు. అలాంటప్పుడు నేనిచ్చిన టాబ్లెట్ కడుపులో పుండు చేసుద్ది, కిడ్నీల్ని దెబ్బతీసుద్ది. ఇది పశువులకి వాడకూడదని మన దేశంలో 2006లోనే ఆపేశారంట, ఆ మందు వేసిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతున్నాయని. నాకేం తెలుసు. అరమరలో ఉన్న మందే కదా అనుకున్నా. నొప్పి తగ్గించా గానీ నొప్పెందుకో కనుక్కోలేదు.

కాబట్టి బ్రూఫెన్, డైక్లో, పారాసిటమాల్, ఏదీ వద్దు, అరముక్క కూడా వద్దు. కుక్కలకి వేసే నొప్పి మందులు వేరే ఉంటాయి, అవి కూడా డాక్టర్ బరువు చూసి రాస్తేనే. అక్కడ నారాయణగూడలో గవర్నమెంట్ పశువుల హాస్పిటల్ ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, రేపే సెలవు పెట్టి తీసుకెళ్ళు. ఎక్స్‌రే ఒక్కటే తీయించి వచ్చేయకు, బ్లడ్ టెస్ట్ చేయించు. ప్లేట్‌లెట్లు మామూలుగా 2 లక్షల పైన ఉండాలి. జ్వరం ముక్కు పట్టుకుని చూడకు, థర్మామీటర్ పెట్టించు, వాటికి 101 నుంచి 102.5 దాకా మామూలే. బన్నుకి ఇప్పటికే ఏమన్నా వేసి ఉంటే డాక్టర్‌కి దాచకుండా చెప్పు. నిన్ను ఎవరూ తిట్టరు, తిట్టినా పడు.

ఒకవేళ టిక్ ఫీవరే అయితే డాక్సీసైక్లిన్ రాస్తారు, సాధారణంగా 28 రోజులు. వారం తిరక్కుండానే ఎగిరి గంతులేసుద్ది, అక్కడే చాలామంది ఆపేస్తారు, నువ్వు ఆపకు. అన్నం తిన్నాక వేయి, మింగాక నీళ్లు పట్టు. గోమారిని గోటితో చిదమకు, ట్వీజర్‌తో చర్మానికి ఆనించి నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయి. అవి గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో కూడా దాక్కుంటాయి, ఇల్లు కూడా చూసుకో.

టిక్ ఫీవర్ కాకుండా మోకాలి లిగమెంటో, తుంటి కీలో కూడా అవ్వొచ్చు, ఏదైనా తేలేదాకా మెట్లు ఎక్కించకు, బాల్ విసరకు. నీ ఫ్లాట్‌లో టైల్స్ కదా, కాళ్లు జారి ఇంకా నొప్పి పెట్టుకుంటది. నా పాత నేత చీరలు కుట్టిన బొంతలు రెండున్నాయి, శనివారం ఆర్టీసీ కార్గోలో వేస్తా. ఒకటి అది పడుకునే చోట, ఒకటి నీళ్ల గిన్నె దగ్గర వేయి. రిపోర్ట్ రాగానే ఫొటో తీసి పంపు, ఎంత రాత్రయినా సరే, ఫోన్ పక్కనే పెట్టుకుని ఉంటా.

మీ అత్త
తెనాలి