ఉత్తరం గోడ నీడలో ఏం నాటాలి?

విజయవాడ నుంచి న్యూజెర్సీకి కొత్తగా వచ్చిన ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, ఇల్లు కొన్నాం. వెనక ఉత్తరం గోడ పక్కన ఎప్పుడూ నీడ, తడి. మల్లె, బంతి పెడితే బతకలేదు. ఏం వేయమంటారు?"

చెల్లెమ్మా, బెజవాడలో మే మొదటి వారానికి సూర్యుడు నడినెత్తికొస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం కాస్త ఉత్తరానికే ఉంటాడు, అందుకే అక్కడ ఉత్తరం గోడకూ ఎండ తగులుతుంది. న్యూజెర్సీలో మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే. మల్లెను కుండీలో పెట్టి ఎండ వైపు ఉంచు, చలికాలం ఇంట్లోకి తెచ్చుకో.

ఆ నీడలో టియారెల్లా వెయ్యి. నర్సరీలో ఫోమ్‌ఫ్లవర్ అని అడిగితే ఇస్తారు. ఇది అమెరికా తూర్పు అడవుల్లో చెట్ల కింద పెరిగే మొక్క, అక్కడి చలి దానికి అలవాటే. ఆకులు జానెడు ఎత్తు కూడా దాటవు. కొన్ని రకాల ఆకుల మీద ఈనెల వెంబడి ముదురు ఎరుపు చారలుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో సన్నని కాడల నిండా చిన్న తెల్లపూలు పూస్తాయి. నేల మీద పాకే తీగలు తగిలిన చోటల్లా వేళ్లు దింపుతాయి, రెండు మూడేళ్లలో ఖాళీ నేల కప్పేస్తాయి.

దీనికి తేమ కావాలి గానీ నీళ్లు నిలవకూడదు, ముఖ్యంగా చలికాలంలో. అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపి చూడు. మర్నాటికీ ఇంకకపోతే ఆ మట్టి మన గుంటూరు నల్లరేగడిలాంటిదే, మడిని కాస్త ఎత్తు చేసుకోవాలి. నవంబరులో అందరూ రాలిన ఆకుల్ని సంచుల్లో కట్టి బయట పెట్టేస్తారు. నువ్వు మాత్రం పారేయకు. లాన్‌మోవర్‌తో నలగ్గొట్టి కుప్పేస్తే, మాగాక ఆ ఆకుమన్నే దీనికి అసలైన బలం.

వసంతంలో గానీ సెప్టెంబరులో గానీ అడుగు దూరంలో నాటు. కుండీలో ఎంత లోతులో ఉందో అంతే, మొదలు పూడ్చేయకూడదు. మొదటి వేసవి మట్టి ఆరనివ్వకు.

లిల్లీ ఆఫ్ ది వ్యాలీ కూడా చూపిస్తారు. మంచి వాసన, నీడలో బాగా పెరుగుతుంది. కానీ ఆకు, పువ్వు, కాయ అన్నీ విషమే, గుండె మీద పనిచేసే విషం. శరదృతువులో ఎర్రటి పండ్లు కాస్తాయి, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. ఐవీ అనే తీగ కూడా వద్దు, చెట్లెక్కి వాటి ప్రాణం తీస్తుంది.

డిసెంబరులో టియారెల్లా ఆకులు రాగిరంగుకు తిరిగితే చచ్చిపోయిందని పీకేయకు. సెప్టెంబరులో నాటిన మొక్కల్ని మాత్రం గడ్డకట్టిన మట్టి కరిగేటప్పుడల్లా చూస్తుండు, మంచుకు మట్టి ఉబ్బి వేళ్లు పైకి తేలతాయి. తేలిన దాన్ని చేతివేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి, పైన గుప్పెడు ఆకుమన్ను వెయ్యి.